అమెరికాలో పెళ్లి పని ఎప్పుడు కాదనవచ్చు, ఎప్పుడు కాదనకూడదు: గుళ్లకు, చర్చిలకు, పెళ్లి వ్యాపారం చేసే తెలుగువారికి

"గుడి కల్యాణమండపం ఒక జంట అడుగుతున్నారు. అమ్మాయి మనమ్మాయే, అబ్బాయి ముస్లిం. ఇవ్వం అంటే కేసు అవుతుందా?" "ఇద్దరబ్బాయిల పెళ్లికి ఫోటోలు తీయమని మెయిల్ వచ్చింది. మా నమ్మకానికి సరిపడదు. రానని రాయొచ్చా?"

అమెరికాలో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి ప్రశ్న పడగానే రెండు రకాల జవాబులు వస్తాయి. "మీ వ్యాపారం, మీ ఇష్టం" అని ఒకరు. "కాదన్నారంటే షాపు మూయించేస్తారు" అని ఇంకొకరు. రెండూ తప్పే. సరైన జవాబు కావాలంటే మూడు సంగతులు తేలాలి: కాదంటున్నది ఎవరు, ఏ రాష్ట్రంలో, సరిగ్గా దేన్ని కాదంటున్నారు. ఈ వరసలోనే చూసుకుంటూ వెళ్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనసొప్పని మంత్రం ఎవరిచేతా చదివించకూడదు. పెళ్లి పనుల మీద తిరిగే జంట ఏ షాపు గుమ్మం దగ్గరా తలదించుకుని వెనక్కి రాకూడదు. ఈ రెండూ నాకు సమానంగా ముఖ్యం. అమెరికా చట్టం కూడా కిందా మీదా పడుతూ ఈ రెండింటినీ కాపాడాలనే చూస్తోంది.

1. ముందు మీరు ఎవరో తేల్చుకోండి

చట్టం దృష్టిలో గుడి వేరు, గుడికి పూలు తెచ్చి అమ్మే షాపు వేరు.

మీరు పురోహితులో, పాస్టరో, ఇమామో అయితే మీ చేతుల మీదుగా ఏ పెళ్లి జరిపించాలన్నది మీ ఇష్టం. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ మత స్వేచ్ఛకు ఇచ్చిన రక్షణ ఇది. 2015 జూన్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒబర్గెఫెల్ తీర్పుతో స్వలింగ వివాహం దేశమంతా చట్టబద్ధమైనప్పుడు, ఇక పాస్టర్లను కూడా బలవంతం చేస్తారని చాలా చర్చిల్లో భయపడ్డారు. అలా జరగలేదు. టెక్సస్ 2015లో, ఫ్లోరిడా 2016లో పాస్టర్ల కోసం విడిగా చట్టాలు కూడా చేసుకున్నాయి. వేరే మతం జంటకు, విడాకులు తీసుకున్నవారికి, బాప్తిస్మం తీసుకోనివారికి పెళ్లి చేయనని చెప్పడం కూడా ఈ రక్షణలోకే వస్తుంది.

మీది లాభాపేక్ష లేని మత సంస్థ అయితే, అంటే గుడి ట్రస్టు, చర్చి, మసీదు కమిటీ లాంటిదైతే, ఇంకో కవచం ఉంది. 2022 డిసెంబర్ 13న ప్రెసిడెంట్ బైడెన్ సంతకం చేసిన వివాహ గౌరవ చట్టం ఒక పక్క స్వలింగ వివాహాలకు, వేరు వేరు జాతులవారి వివాహాలకు కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఇస్తూనే, ఇంకో పక్క మత సంస్థలు ఏ పెళ్లి క్రతువుకూ, ఏ పెళ్లి వేడుకకూ సేవలుగానీ స్థలంగానీ సామాన్లుగానీ ఇచ్చి తీరాలని ఎవరూ అనలేరని చెప్పింది. అందులో చర్చిలు, మసీదులతో పాటు గుళ్ల పేరు కూడా ఉంది. సంస్థ ఉద్యోగులకూ ఇదే వర్తిస్తుంది. కానీ అది పెళ్లి వరకే అని గుర్తుంచుకోండి. బర్త్‌డేలు, సీమంతాలు, గ్రాడ్యుయేషన్ పార్టీలు అందులో లేవు.

మీరు వ్యాపారస్తులైతే, అంటే ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి డెకరేషన్, క్యాటరింగ్, మేకప్, డీజే, వెన్యూ లాంటివి నడుపుతుంటే, పై రెండు రక్షణలూ మీకు రావు. మీరు ఎంత భక్తిపరులైనా, చర్చిలో పెద్దగా ఉన్నా, గుడికి ఏటా విరాళం ఇస్తున్నా అంతే. ప్రజలందరికీ తలుపు తెరిచిన వ్యాపారం మీది.

ఇక్కడ మనవాళ్లలో ఒక మధ్యరకం ఉంది. దాన్ని జాగ్రత్తగా చూడాలి. చాలామంది పంతుళ్లు ఇప్పుడు పూజ ఒక్కటే చేయించడం లేదు. పీటలు, మండపం, పూలదండలు, పూజాసామగ్రి, ఒక్కోసారి భోజనాలు కూడా కలిపి ప్యాకేజీగా ఇస్తున్నారు. పెళ్లి జరిపించను అనే హక్కు పురోహితుడిగా మీకుంది. మండపం అద్దెకివ్వను అన్నప్పుడు మాత్రం మీరు పురోహితుడిగా మాట్లాడడం లేదు. కాబట్టి ఈ రెండింటికీ ధరలు, రసీదులు, వీలైతే లెక్కల పుస్తకాలు విడివిడిగా పెట్టుకోండి. పెళ్లి జరిపించడానికి ఒప్పుకోకపోయినా సామాను అడిగితే ఇవ్వండి.

2. మీ రాష్ట్రం, మీ ఊరు ఏమంటున్నాయో చూడండి

దేశమంతా ఒకేలా ఉన్నది కొంతే. 1964 పౌరహక్కుల చట్టం హోటళ్లు, రెస్టారెంట్లు, థియేటర్లు లాంటి చోట్ల జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి తేడా చేయకూడదంది. అందులో ఆడా మగా తేడా, లైంగికత ప్రస్తావన లేదు. పూల షాపు, ఫోటో స్టూడియో లాంటివి ఆ జాబితాలోకి రావు. దానికంటే పాతది, 1866 నాటి చట్టం ఒకటి ఉంది. జాతి కారణంగా ఎవరితోనైనా కాంట్రాక్టు చేసుకోను అంటే అది దేశంలో ఎక్కడైనా, ఎంత చిన్న వ్యాపారానికైనా తప్పే. అమ్మాయి తెలుగు, అబ్బాయి నల్లజాతివాడు అన్న కారణంతో ఒక డెకరేటర్ తప్పించుకుంటే ఈ చట్టం కిందికే వస్తారు.

"కానీ నా మతం ఒప్పుకోదు" అన్న మాట జాతి విషయంలో కోర్టులో నిలబడలేదు. సౌత్ కరోలినాలో పిగ్గీ పార్క్ అనే బార్బెక్యూ హోటళ్ల యజమాని, నల్లవారిని తెల్లవారితో కలిపి కూర్చోబెట్టడం తన మత విశ్వాసానికి విరుద్ధమని వాదించాడు. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనను పసలేనిదని తోసిపారేసింది. 2019లో మిసిసిపీలోని బూన్‌విల్‌లో ఒక పెళ్లి హాలు నల్ల, తెల్ల జంటకు హాలు ఇవ్వం, మా క్రైస్తవ నమ్మకం ఒప్పుకోదు అంది. ఆ వీడియో దేశమంతా తిరిగింది. చివరికి యజమాని క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

మిగతాదంతా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, వాషింగ్టన్, ఇల్లినాయ్, కొలరాడోతో కలిపి ఇరవైకి పైగా రాష్ట్రాల్లో లైంగికత, జెండర్ ఐడెంటిటీ కూడా రక్షిత జాబితాలో, అంటే తేడా చూపకూడని వాటిలో ఉన్నాయి. కాలిఫోర్నియాలో 1959 నాటి అన్రూ చట్టం కింద ఒక్కో ఉల్లంఘనకు కనీసం 4,000 డాలర్ల పరిహారం కట్టాల్సి రావచ్చు. టెక్సస్‌లో అలాంటి రాష్ట్ర చట్టమే లేదు. అయినా డల్లాస్, ఆస్టిన్ లాంటి నగరాలకు సొంత ఆర్డినెన్సులు, అంటే నగర చట్టాలు ఉన్నాయి. మిసిసిపీ దీనికి పూర్తిగా అటు పక్క ఉంది. పెళ్లంటే ఒక ఆడ, ఒక మగ మధ్యే అని మతపరంగా నమ్మే ఫోటోగ్రాఫర్లు, కేకు చేసేవాళ్లు, హాలు యజమానులు సేవ నిరాకరించవచ్చని 2016లో చట్టమే చేసింది. అందుకే డల్లాస్‌లో ఉన్న బావమరిది చెప్పిన సలహా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మీకు పనికిరాదు.

మీరు చేయాల్సింది ఇది. మీ రాష్ట్ర పౌరహక్కుల విభాగం వెబ్‌సైటు తెరవండి. "పబ్లిక్ అకామడేషన్" (ప్రజలందరికీ తెరిచిన చోట్లు, వ్యాపారాలు) అన్న పేజీలో రక్షిత వర్గాల జాబితా ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి పెట్టుకోండి. తర్వాత మీ సిటీ వెబ్‌సైటులో కూడా చూడండి. మీ వ్యాపారం ఒక ఊళ్లో, పెళ్లి ఇంకో ఊళ్లో అయితే రెండూ చూడాలి.

కులం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే. ఉద్యోగాలు, అద్దె ఇళ్లతో పాటు ప్రజలందరికీ తెరిచిన వ్యాపారాలకూ అది వర్తిస్తుంది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో కూడా ఆ దారి పట్టింది. కాలిఫోర్నియా అసెంబ్లీ దాటిన కులవివక్ష బిల్లును మాత్రం గవర్నర్ న్యూసమ్ 2023 అక్టోబర్‌లో వీటో చేశారు. ఉన్న చట్టాల కిందే అలాంటి వివక్ష నిషిద్ధమని ఆయన చెప్పిన కారణం. అంటే వీటో అయింది కదా అని ధైర్యం తెచ్చుకోవడానికి ఏమీ లేదు. క్యాటరింగ్ బుకింగ్ ఫోన్లో "ఇంటిపేరేంటండీ, మీరు ఏమిట్లు?" అని అడగడం మనకు అలవాటైపోయింది. ఆ ప్రశ్నను ఈ రోజే మానేయండి. చట్టం సంగతి అటుంచినా, పెళ్లి భోజనం పెట్టేవారు అడగాల్సిన ప్రశ్న కాదు అది.

3. మనిషిని కాదంటున్నారా, మాటను కాదంటున్నారా?

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఉన్నది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

వాషింగ్టన్ రాష్ట్రం రిచ్‌లాండ్‌లో ఆర్లీన్స్ ఫ్లవర్స్ అనే పూల షాపు ఉండేది. దాని యజమానురాలు బారొనెల్ స్టట్జ్‌మన్ భక్తిపరురాలైన క్రైస్తవురాలు. రాబ్ ఇంగర్‌సాల్ అనే కస్టమరుకు దాదాపు తొమ్మిదేళ్లు పూలు కట్టిచ్చింది. అతను గే అని తెలుసు. అతని సహచరుడికి పుట్టినరోజులకు ఇచ్చిన పూలూ ఆమె చేతివే. 2013లో అతను తన పెళ్లికి పూలు కావాలని వచ్చినప్పుడు, ఆమె అతని చెయ్యి పట్టుకుని, యేసుక్రీస్తుతో తనకున్న సంబంధం వల్ల ఆ పని చేయలేనని చెప్పింది. వేరే మూడు షాపుల పేర్లు కూడా ఇచ్చింది. ఇద్దరి మధ్యా కోపం లేదు, తిట్టుకోవడం లేదు. అయినా కేసు అయింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో ఒకసారి, 2019లో మళ్లీ, రెండుసార్లూ ఏకగ్రీవంగా ఆమెకు వ్యతిరేకంగా చెప్పింది. చివరికి 2021 నవంబరులో 5,000 డాలర్లు కట్టి రాజీ చేసుకుని ఆమె రిటైరయింది.

ఒక్క పూల ఆర్డరు కోసం ఎనిమిదేళ్లు. ఈ కథ విన్నప్పుడు నాకు ఇద్దరి మీదా జాలి వేస్తుంది. మీరు గమనించాల్సింది మాత్రం ఇది: మర్యాదగా చెప్పడం, వేరే షాపు చూపించడం, ఇదివరకు బాగా చూసుకోవడం, ఇవేవీ ఆమెను కాపాడలేదు.

ఇప్పుడు ఇంకో కేసు. కొలరాడోలో లోరీ స్మిత్ అనే డిజైనరు 303 క్రియేటివ్ పేరుతో పెళ్లి వెబ్‌సైట్లు చేయాలనుకుంది. స్వలింగ వివాహాలకు మాత్రం చేయను అంది. 2023 జూన్ 30న సుప్రీంకోర్టు 6-3తో ఆమెకు అనుకూలంగా తీర్పిచ్చింది. కారణం మతం కాదు, వాక్ స్వాతంత్ర్యం. ప్రతి జంట కథనూ తన మాటల్లో, తన బొమ్మలతో కొత్తగా రాసిచ్చే పని అది. ఒప్పుకోని మాటను ప్రభుత్వం ఒకరి నోట పలికించకూడదని కోర్టు అంది. కానీ గే కస్టమర్లకు వేరే పనులన్నీ చేస్తానని ఆమె ముందే ఒప్పుకుందని మర్చిపోకండి. ఆ ఒప్పుకోలు మీదే తీర్పు నిలబడింది.

మరి కొలరాడో కేకు కేసు, మాస్టర్‌పీస్ కేక్‌షాప్? స్వలింగ జంట పెళ్లికి కేకు చేయనన్న బేకరీ యజమాని జాక్ ఫిలిప్స్ 2018లో సుప్రీంకోర్టులో 7-2తో గెలిచాడు కానీ, కేకు చేయననే హక్కు అతనికి ఉందని కోర్టు చెప్పలేదు. ఫిర్యాదు విచారించిన రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ అతని మతాన్ని చిన్నచూపు చూసిందని మాత్రమే తప్పుపట్టింది. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ బేకరీ కేసు ఇంకా స్పష్టంగా ఉంది. ఏ రాతా లేని, ఎవరికైనా అమ్మే మామూలు తెల్ల కేకు మాట కిందికి రాదని, దాన్ని నిరాకరించడం వివక్షేనని అక్కడి అప్పీలు కోర్టు 2025 ఫిబ్రవరిలో తేల్చింది.

కాబట్టి మీ పనిని మీరే ముక్కలుగా విడగొట్టి చూసుకోండి. కుర్చీలు, లైట్లు, మైకు, భోజనం, హాలు, కారు, రెడీమేడ్ మండపం: ఇవి ఎవరికిచ్చినా ఒకటే. ఇవి సేవలు. జంట ప్రేమకథను మీరు కూర్చుని రాసే వీడియో స్క్రిప్టు, శుభలేఖలో మీరు అల్లే కవిత, మీరు కట్టి పాడే పెళ్లిపాట: ఇవి మాటలు. ఫోటోగ్రఫీ ఈ రెండింటి నడుమ ఉంది. 2013లో న్యూమెక్సికో సుప్రీంకోర్టు, ఇద్దరు స్త్రీల వేడుకకు ఫోటోలు తీయనన్న ఎలేన్ ఫోటోగ్రఫీ అనే స్టూడియోకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 303 తీర్పు వచ్చాక ఫోటోగ్రాఫర్లు మళ్లీ కోర్టుల్లో అదే ప్రశ్న లేవనెత్తుతున్నారు. ఫోటోగ్రాఫరైతే లాయరుతో ఒక గంట మాట్లాడకుండా ఈ విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దని నా సలహా.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. అదే వస్తువు, అదే డిజైను, అదే రాత వేరే జంట అడిగితే ఇచ్చేవారా? ఇచ్చేవారైతే మీరు కాదంటున్నది మనిషిని. ఎవరడిగినా ఆ రాత రాయనంటే మీరు కాదంటున్నది మాటను. మొదటిదానికి చాలా రాష్ట్రాల్లో శిక్ష ఉంది.

4. గుడి మండపం, చర్చి ఫెలోషిప్ హాలు: కమిటీ కూర్చుని రాసుకోవాల్సినవి

మత సంస్థకు ఉన్న రక్షణను మత సంస్థే చేజేతులా పోగొట్టుకోవడం తరచుగా హాలు దగ్గరే జరుగుతుంది. న్యూజెర్సీలోని ఓషన్ గ్రోవ్ సంగతి చూడండి. మెథడిస్టు క్యాంప్ మీటింగ్ సంఘానికి సముద్రం ఒడ్డున ఒక పెవిలియన్ ఉంది. ప్రజలందరికీ తెరిచి ఉంచుతామన్న షరతు మీద దానికి ప్రభుత్వం పన్ను మినహాయింపు ఇచ్చింది. అడిగినవారికి పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవారు. 2007లో ఇద్దరు స్త్రీలు సివిల్ యూనియన్ (పెళ్లి లాంటి చట్టబద్ధ బంధం) వేడుక కోసం అడిగితే కాదన్నారు. పెవిలియన్‌కు ఆ పన్ను మినహాయింపు పోయింది. 2012లో వివక్ష చూపినట్టు తీర్పు కూడా వచ్చింది. ఇది 2022 చట్టానికి ముందు సంగతి, నిజమే. అయినా ప్రభుత్వ లబ్ధి తీసుకుని, పబ్లిక్ హాలులా నడిపి, ఒక్కరిని మాత్రం ఆపితే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

మన గుళ్ల కింది అంతస్తుల్లో ఏం జరుగుతోంది? అరంగేట్రం, బర్త్‌డే, రిటైర్మెంటు పార్టీ, ఒక్కోసారి కంపెనీ మీటింగ్ కూడా. డబ్బు కడితే ఎవరికైనా ఇస్తాం అన్నట్టు వెబ్‌సైటులో రేట్లు పెడతారు. తర్వాత ఒక జంట వస్తే కమిటీలో ఒకాయన "వీళ్లకు వద్దు" అంటాడు. అప్పటికప్పుడు పుట్టిన నియమాన్ని ఏ జడ్జీ నమ్మడు.

కాబట్టి ఎవరూ అడగని రోజునే బోర్డు మీటింగులో ఈ సంగతులు తేల్చి, మినిట్స్‌లో రాయించండి. హాలు ఎందుకోసం ఉంది: ఆగమ సంప్రదాయం ప్రకారం జరిగే కార్యాలకా, సభ్యుల కుటుంబ వేడుకలకా, ఊరందరికా? పెళ్లయితే ఎలాంటి పెళ్లి: గుడి పురోహితులు జరిపించేదేనా, బయటివారు వచ్చి జరిపించవచ్చా? మాంసం, మద్యం నిషేధమా? నిర్ణయం ఎవరిది, ఎన్ని రోజుల్లో చెప్పాలి? ఈ నియమం మీ సంస్థ బైలాస్‌లో రాసిన మత విశ్వాసానికి కట్టుబడి ఉండాలి. ఆ తర్వాత అందరికీ ఒకేలా అమలు చేయాలి. ట్రస్టీ మేనకోడలికి ఒక రూలు, తెలియనివారికి ఒక రూలు అయితే రాసుకున్న కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది.

తెలుగు చర్చిలకు ఇంకో చిక్కుంది. చాలా తెలుగు సంఘాలకు సొంత భవనం ఉండదు. ఆదివారం మధ్యాహ్నం ఏదో అమెరికన్ చర్చి భవనంలో ఆరాధన జరుపుకుంటారు. అక్కడ పెళ్లి పెట్టుకుంటే భవనం ఇచ్చిన చర్చి నియమాలూ వర్తిస్తాయి. మీ కంటే ఉదారమైన చర్చి కావచ్చు, కఠినమైనది కావచ్చు. అద్దె ఒప్పందంలో పెళ్లిళ్ల గురించి ఏముందో ఇప్పుడే తీసి చదవండి. సంఘంలో పిల్లకు సంబంధం కుదిరాక చదివితే ఆలస్యమైపోతుంది.

5. ఫోన్ మోగినప్పుడు, మెయిల్ వచ్చినప్పుడు

న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీకి దగ్గరలో లిబర్టీ రిడ్జ్ ఫామ్ అనే తోట ఉంది. 2012లో పెళ్లి కోసం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మాటల్లో పెళ్లికూతుళ్లు ఇద్దరని తెలియగానే, యజమానురాలు ఇక్కడ అలాంటి పెళ్లిళ్లు చేయం అంది. ఆ కాల్ రికార్డయింది. 10,000 డాలర్ల జరిమానా పడింది. ఇద్దరికీ చెరో 1,500 పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. 2016లో అప్పీలులో కూడా అదే నిలబడింది. కొద్ది నిమిషాల కాల్ అది.

కాబట్టి మొదటి కాల్‌లో ఏం అడగాలో కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకోండి: తేదీ, ఊరు, ఎంతమంది, ఏయే పనులు, బడ్జెట్. మతం, కులం, వధూవరుల వివరాలు అడగాల్సిన అవసరం మొదటి కాల్‌లో లేదు. పురోహితులకు, పాస్టర్లకు ఇది వర్తించదు. వాళ్లు అడగాల్సిందే.

అబద్ధం మాత్రం ఆడకండి. "ఆ తేదీ ఖాళీ లేదండీ" అని తప్పించుకోవడం మనకు బాగా అలవాటు. ఎలేన్ ఫోటోగ్రఫీ కేసులో కాదనిపించుకున్న జంటలో రెండో ఆవిడ తర్వాత మామూలు పెళ్లన్నట్టు మెయిల్ పెట్టింది. అదే స్టూడియో వెంటనే రేట్లు పంపింది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎవరికీ దొరకదు. నిజంగా ఖాళీ లేకపోతే మీ క్యాలెండరులో ఆ బుకింగ్, ఆ డిపాజిట్ రసీదు ఉండాలి.

వెబ్‌సైటులో "ఫలానావారికి సేవలు లేవు" అని రాయడం కొన్ని రాష్ట్రాల్లో దానంతటదే ఉల్లంఘన. దానికి బదులు మీరు చేసే పని ఏమిటో రాయండి: "మేము వైదిక సంప్రదాయ మండపాలు, తెలుగు పెళ్లి అలంకరణలు చేస్తాం." ఏ జంట వచ్చి అడిగినా మీరు చేసేది అదే, చేయనిది చేయరు. ఇందులో ఎవరినీ వేరు చేసినట్టు లేదు.

ఇక మీరు గుడి తరఫునో చర్చి తరఫునో కాదనాల్సి వస్తే, జవాబు పొట్టిగా, గౌరవంగా ఉండాలి. ఇంగ్లీషులో రాసినా సారం ఇంతే: "మీ పెళ్లికి మా శుభాకాంక్షలు. మా గుడిలో వివాహాలు ఫలానా సంప్రదాయం ప్రకారం మాత్రమే జరుగుతాయి. మా లిఖిత నియమం జతచేస్తున్నాం. ఈ అభ్యర్థనను అంగీకరించలేకపోతున్నాం." ధర్మోపన్యాసం వద్దు. తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పడం అసలే వద్దు. మనవాళ్లు చేసే ఈ పని చట్టం పట్టుకోకపోవచ్చు గానీ ఒక పిల్ల జీవితాన్ని చిన్నాభిన్నం చేస్తుంది.

6. మీ దగ్గర పనిచేసేవాళ్లకు ఇష్టం లేకపోతే

యజమానిగా మీరు ఒప్పుకున్నారు, కానీ మేకప్ ఆర్టిస్టు తన నమ్మకం వల్ల ఆ పెళ్లికి రానంటోంది. పదిహేను మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ అయితే కేంద్ర చట్టం ప్రకారం ఆమెకు వీలైనంత సర్దుబాటు చేయాలి. వ్యాపారానికి గణనీయమైన భారం పడితే తప్ప కాదనకూడదని 2023లో గ్రాఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజుకు ఇంకొకరిని పంపండి. కస్టమరుకు ఆ సంగతి తెలియాల్సిన పని లేదు.

7. కాదనిపించుకున్నది మీరే అయితే

ముందు ఎవరు కాదన్నారో చూడండి. గుడి, చర్చి, పంతులుగారు పెళ్లి చేయనంటే కేసు వల్ల లాభం లేదు. వేరే గుడి, వేరే పాస్టరు, లేదంటే కౌంటీ ఆఫీసులో సివిల్ పెళ్లి చూసుకోండి. మ్యారేజ్ లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వమే. అది మీ మతాన్నో కులాన్నో చూసి ఆపలేదు.

వ్యాపారం కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. మెసేజ్‌లు, మెయిళ్లు స్క్రీన్‌షాట్ తీయండి. ఫోన్లో అన్న మాటలు అదే రోజు, అదే పదాలతో, టైముతో సహా రాసి పెట్టుకోండి. కాలిఫోర్నియాలో, వాషింగ్టన్‌లో అవతలివారికి చెప్పకుండా కాల్ రికార్డు చేస్తే మీరే చిక్కుల్లో పడతారు. కోపంలో రివ్యూలు రాయకండి. ఫిర్యాదుకు గడువుంటుంది: న్యూజెర్సీ పౌరహక్కుల విభాగానికి 180 రోజులు, కాలిఫోర్నియా సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంటుకు ఏడాది. ఫిర్యాదు ఇవ్వడానికి లాయరు అక్కర్లేదు.

హిందూ పెళ్లిళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇంకో రకం: హోమం. "మంటలు నిషేధం" అని వెన్యూ అంటుంది. ఎవరికీ, దేనికీ మంట అనుమతించకపోతే అది వివక్ష కాదు. కానీ క్రైస్తవ పెళ్లిలో వధూవరులు కలిసి వెలిగించే యూనిటీ క్యాండిల్‌కు ఒప్పుకుని, మీ దగ్గరికి వచ్చేసరికి రూలు గుర్తొస్తే, ఆ తేడా ఏమిటో మెయిల్లో అడగండి. అడిగేటప్పుడు పరిష్కారం కూడా చేతిలో పెట్టండి: హోమగుండం కొలతలు, కింద ఇసుక పళ్లెం, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, మంట ఎన్ని నిమిషాలు ఉంటుంది, నిలబడి చూసుకునే మనిషి ఎవరు. స్థానిక ఫైర్ మార్షల్ పర్మిట్ తెస్తామని కూడా రాయండి. చాలా వెన్యూలకు భయం ఆ మంట ఎలా ఉంటుందో తెలియకపోవడం వల్లే. తెల్లవారుజామున ముహూర్తం, అక్షింతలు ఊడ్చే క్లీనింగ్ ఫీజు లాంటివి మాత్రం అందరికీ ఒకటే రూలైతే బేరమాడుకోవాల్సినవే.

8. మీ మీద నోటీసు వస్తే

ఆ జంటతో జరిగిన మెయిళ్లు, వాట్సాప్, క్యాలెండర్ ఎంట్రీలు ఏదీ డిలీట్ చేయకండి. కమిటీ గ్రూపులో దాని గురించి చర్చ ఆపించండి. ఆ మెసేజ్‌లు కోర్టు అడిగితే ఇవ్వాల్సిందే. నోటీసులో ఉన్న గడువు లోపల జవాబు ఇవ్వాలి. జంటకు ఫోన్ చేసి బతిమాలడం గానీ, బెదిరించడం గానీ చేయకండి. ప్రతీకారం అనిపించే పని ఏదైనా విడిగా ఇంకో ఉల్లంఘన కింద లెక్క. మత స్వేచ్ఛ కేసులు చూసే బెకెట్, అలయన్స్ డిఫెండింగ్ ఫ్రీడమ్ లాంటి సంస్థలు ఒక పక్క, పౌరహక్కుల, స్వలింగ జంటల హక్కుల కేసులు చూసే ఏసీఎల్‌యూ, లాంబ్డా లీగల్ ఇంకో పక్క ఉచితంగా వాదిస్తాయి. కానీ వాళ్లు పెద్ద సూత్రాన్ని తేల్చే కేసులు వెతుక్కుంటారు. మీకు కావాల్సింది త్వరగా తేలిపోవడం అయితే మీ ఊళ్లో ఉన్న మామూలు లాయరే మేలు. ఫిర్యాదు విన్న విభాగం రాజీకి పిలిస్తే వెళ్లండి.

ఇన్సూరెన్స్ పాలసీ కూడా తీసి చూడండి. మామూలు లయబిలిటీ పాలసీలు చాలావరకు వివక్ష ఆరోపణలను కవర్ చేయవు. చేసేదైనా సరే, నోటీసు అందిన వెంటనే కంపెనీకి తెలపకపోతే డబ్బు ఇవ్వకపోవచ్చు. ఏజెంటుకు ఫోన్లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పెట్టి, అందినట్టు జవాబు తెప్పించుకోండి.